ఏసుబాబు గారి డూరియన్ శోధన

ఏసుబాబు గారికి శోధన వస్తే పుస్తకం తీస్తారు. తీసి, గొంతెత్తి చదువుతారు. అది ఇల్లా, రైలా, లిఫ్టా, చేపల కొట్టా అన్న పట్టింపేమీ లేదు. ఆ శోధన తోక ముడిచి పారిపోయేదాకా చదువుతూనే ఉంటారు. పాలకొల్లులో పుట్టి, సింగపూర్ వచ్చి, సెంబవాంగ్ ఓడల యార్డులో స్టోర్సు చూసుకుంటూ, యూ టీలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డ ఆ పెద్దమనిషికి ఉన్న వింత ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన మీలాంటి నాలాంటి మనిషే.

ఈ సంగతి తెలియని శ్రీలేఖ, అనంతపురం నుంచి వచ్చి, వన్-నార్త్‌లో ఒక ల్యాబులో ఉద్యోగంలో చేరి, అద్దె గది కోసం వాళ్ళ తలుపు తట్టింది.

"ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగారు ఏసుబాబు గారు.

"పరిశోధన అంకుల్."

ఆయన ముఖం మతాబాలా వెలిగిపోయింది. "పునీతా! ఇలా రా! ఈ అమ్మాయికి కూడా శోధనేనంట!"

చర్చి తెలుగులో శోధన అంటే మనిషిని తప్పుదారికి లాగే ఆశ అనీ, తనది జీవకణాలతో చేసే పని అనీ తేలేసరికి టీ చల్లారిపోయింది. ఏసుబాబు గారు మాత్రం నిరాశపడలేదు. "ఏదైతేనేం. రెండింటికీ చదవక తప్పదు కదా!" అన్నారు.

ఆయన భార్య పునీత ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగామె. ఆవిడ తెలుగులో తమిళమూ మలయ్ భాషా అడక్కుండానే వచ్చి కూర్చుంటాయి. "అలమాక్! గది చూసుకో మా," అంది ఆవిడ. "బాడుగ తక్కువే. కానీ చెవులు నీవి, భద్రంగా చూసుకో లా."

చెవుల సంగతి శ్రీలేఖకి మొదటి వారంలోనే అర్థమైంది. ఒక సాయంత్రం ఆయనా తనూ ఒకే రైల్లో వస్తున్నారు. పక్క సీటులో కూర్చున్న ఆవిడ సంచిలోంచి వేడి వేడి అరటికాయ బజ్జీల వాసన తేలి వచ్చింది. ఏసుబాబు గారికి షుగరు. డాక్టరు నూనె, తీపి వద్దన్నాడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. నల్ల అట్ట బైబిలు లేదు!

"అమ్మా శ్రీలేఖా, శోధన! ఏదైనా ఇవ్వు చదవడానికి!"

"నా దగ్గరేమీ లేదు అంకుల్!"

ఆయన గబుక్కున లేచి, తలుపు పక్కన అంటించి ఉన్న హెచ్చరిక ముందు నిలబడి, ప్రసంగం గొంతుతో తెలుగులోకి తర్జుమా చేస్తూ మొదలుపెట్టారు. "అత్యవసర సమయంలో... మూత తెరవండి! మీటను... కిందికి లాగండి!" భాష రాకపోయినా ఆ గొంతులో ఆపద పసిగట్టి ఇద్దరు ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. బజ్జీల ఆవిడ మార్సిలింగ్‌లోనే దిగిపోయింది. అది ఆవిడ స్టేషనో కాదో దేవుడికే తెలియాలి.

"చూశావా?" అన్నారు ఏసుబాబు గారు చెమట తుడుచుకుంటూ. "పారిపోయింది!"

"శోధనా అంకుల్, ఆవిడా?"

"రెండూనమ్మా!"

కోపం కూడా ఆయన లెక్కలో శోధనే. పై అంతస్తులో ఉండే చైనీస్ ఆంటీ తడి గుడ్డలు పిండకుండా ఆరేసి, పునీత ఆంటీ ఆరిన చీరల మీద నీళ్ళు కారేటట్టు చేసింది. ఏసుబాబు గారు మీసం మెలేసుకుంటూ పైకి వెళ్ళారు. గుమ్మం ముందు నిలబడగానే కోపం నషాళానికి అంటింది. వెంటనే పుస్తకం తీసి చదవసాగారు. తలుపు తీసిన ఆవిడ, తన మోకాలి నొప్పి సంగతి తెలిసి ప్రార్థన చెయ్యడానికి వచ్చారనుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, డబ్బా నిండా అనాసపండు బిస్కట్లు చేతిలో పెట్టింది. కోపం పోయింది గానీ తీపి వచ్చిపడింది. ఆయన డబ్బాని ఆమడ దూరంలో పట్టుకుని, మెట్లన్నీ చదువుకుంటూ దిగి వచ్చారు.

ఇన్ని శోధనల్లోనూ మహారాణి డూరియన్. పనసకి దాయాది లాంటి ఆ ముళ్ళ పండుకి సింగపూర్‌లో సగం జనం ప్రాణం పెడతారు, మిగతా సగం ముక్కు మూసుకుంటారు. దాని వాసనకి జడిసి రైళ్ళలోకే రానివ్వరు. ఆదివారం తెలుగు చర్చి సంఘంలో సాక్ష్యాల సమయం రాగానే ఏసుబాబు గారు లేచేవారు. "వందనాలండీ. ఈ వారం కూడా డూరియన్ నన్ను పిలిచిందండీ. పేరు పెట్టి పిలిచిందండీ! అయినా దేవుని కృప వల్ల, వాక్యం వల్ల నిలబడ్డానండీ!" జనం నవ్వు ఆపుకుంటూ చప్పట్లు కొట్టేవారు. జబ్బులు తగ్గినవాళ్ళూ, వీసాలు వచ్చినవాళ్ళూ ఆయన తరవాత సాక్ష్యం చెప్పడానికి జంకేవారు.

ఇందులో శ్రీలేఖకి నచ్చని విషయం ఒక్కటే ఉంది. అది నవనీత్.

నవనీత్ కరీంనగర్ కుర్రాడు, అదే యార్డులో ఇంజనీరు. తాగుడు మరిగాడు. అతని భార్య స్పందన ఓర్చుకున్నంత ఓర్చుకుని, అది మానేదాకా రానని చెప్పి పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను మానాలని కిందా మీదా పడుతున్నాడు. అలాంటివాణ్ణి ఏసుబాబు గారు రోజూ తను ముందే ఇల్లు చేరి, అతను యార్డు విడిచే వేళకి సరిగ్గా ఫోన్లో పట్టుకునేవారు.

"సోదరా, కిందనుంచి డూరియన్ వాసన కొడుతోందయ్యా! నావల్ల కావట్లేదు! కొంచెం వాక్యం చదివి పెట్టు!"

"అయ్యో, ఆగుండ్రంకుల్! కిందికి దిగకుండ్రి! చదువుతున్న!"

యార్డు గేటు నుంచి గది దాకా, దారిలో ఉన్న బీరు కొట్లన్నీ దాటుకుంటూ అతను చదువుతూ నడిచేవాడు. ఇక్కడ ఏసుబాబు గారు సోఫాలో కాళ్ళు చాపుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ, మధ్యమధ్యలో "అబ్బా... లాగుతోందయ్యా..." అని మూలిగేవారు.

శ్రీలేఖ ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది. "పాపం, ఆయన బాధలో ఆయనున్నారు. మీ డూరియన్ గోల కూడా ఆయన నెత్తినే వెయ్యాలా అంకుల్? వదిలేయండి."

"నేనెలా వదుల్తానమ్మా? డూరియన్ నన్ను వదలందే!"

చిన్నపిల్లాడిలాంటి మనిషి, ఇంకేం చెప్తాం అనుకుని ఊరుకుంది.

ఒక శనివారం స్పందన వస్తోంది. నవనీత్ కొన్ని నెలలుగా చుక్క ముట్టలేదని ఆమెకి కబురు అందింది. మధ్యాహ్నం అతను యూ టీ వస్తే, ఏసుబాబు గారు, తోడుగా శ్రీలేఖ, ముగ్గురూ టాక్సీలో విమానాశ్రయానికి వెళ్ళాలని ఏర్పాటు. పునీత ఆంటీ వంటింట్లో చేపల పులుసు, కొబ్బరన్నం మొదలుపెట్టింది. అనుకున్న వేళ దాటింది. నవనీత్ రాలేదు. ఫోన్ తియ్యడు. చివరికి ఎన్నోసారో ఎత్తాడు.

"అంకుల్, మీరే పోయి తీస్కరాండ్రి. నాతోని కాదు."

"ఎక్కడున్నావయ్యా?"

"వుడ్‌లాండ్స్‌ల దిగిపోయిన." అతని వెనక గాజు గ్లాసుల గలగల, ఎవరో బీరు పేర్లు అరుస్తున్న కేక. "పోయిన వారం ఒకనాడు తాగిన అంకుల్. ఎవ్వరికి చెప్పలే. అంత ఖరాబైంది. ఆమె మొకం ఎట్ల చూడాలె? ఇప్పుడైతే గ్లాసుల పోసిన్రు. తాగలే ఇంక."

ఇప్పుడు పెద్దాయన బోధ మొదలుపెడతారు, అతను ఫోన్ పెట్టేస్తాడు అనుకుంది శ్రీలేఖ.

ఏసుబాబు గారు బోధ చెయ్యలేదు. ఉన్నట్టుండి ఒక గావుకేక పెట్టారు. "నవనీతూ! నేను పడిపోతున్నానయ్యా! డూరియన్ కొట్టు ముందు నిలబడ్డాను! చేతిలో తొన ఉంది!"

ఆయన నిలబడ్డది హాలు మధ్యలో, లుంగీలో. చేతిలో ఉన్నది విసనకర్ర.

"అంకుల్! ముట్టకుండ్రి! షుగరుంది మీకు! వీడియో ఆన్ జేయుండ్రి, నేను జూడాలె!"

ఏసుబాబు గారి కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్ని గుండెకి అదుముకుని, గుసగుసగా, "శ్రీలేఖా! పద పద! ఈ డూరియన్ కొట్టు ఎక్కడుంటుందో నీకు తెలుసా?" అన్నారు.

శ్రీలేఖ నోరు తెరిచింది. రోజూ పేరు పెట్టి పిలిచే కొట్టు అడ్రసు ఈయనకి తెలియదా?

ఆశ్చర్యపోవడానికి వ్యవధి లేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా ఇద్దరూ మెట్ల మీదుగా పరుగు. లుంగీ ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని ఆయన ముందు; "ఎడమకి అంకుల్! స్టేషన్ వెనక!" అంటూ శ్రీలేఖ వెనక. దారిలో ఆయన ఫోన్లోకి "ఒలుస్తున్నాడయ్యా... తొందరగా..." అంటూనే ఉన్నారు. సైకిల్ మీద వస్తున్న ఒకాయన వీళ్ళని చూసి తనే పక్కకి దిగి నిలబడ్డాడు.

కొట్టు కనబడింది. వాసన దానికంటే ముందే ఎదురొచ్చింది. ఏసుబాబు గారు గోడకి గుద్దుకున్నవాడిలా ఆగిపోయారు. ముఖం పాలిపోయింది. ముక్కుపుటాలు మూసుకుపోయాయి.

"అంకుల్, ఏమైంది?"

"ఏం లేదమ్మా," అన్నారాయన నోటితో గాలి పీలుస్తూ. "పట్టుకో నన్ను."

కొట్టు యజమాని అప్పుడే ఒక కాయ పగలగొట్టి, "ట్రై లా అంకుల్! వెరీ క్రీమీ!" అని తొన అందించాడు. ఆయన దాన్ని తేలుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. శ్రీలేఖ వీడియో ఆన్ చేసింది. ఫోన్లో నవనీత్ కనిపించాడు. అతని ముందు నిండు గ్లాసు, నురగ ఇంకా చావలేదు.

"కింద పెట్టుండ్రి అంకుల్!"

"పెట్టలేనయ్యా! నువ్వొచ్చి చదివితేనే!"

"నేను రాలేను. నేనే పాడైపోయినోణ్ణి, మిమ్మల్నేం కాపాడుత?" అతని చెయ్యి గ్లాసు వైపు జరిగింది.

ఏసుబాబు గారి చేతిలో తొన నోటి వైపు లేచింది.

గ్లాసు దగ్గర చెయ్యి ఆగింది. తొన ఆగింది. చెయ్యి మళ్ళీ కదిలింది. తొన మళ్ళీ లేచింది. కొట్టు యజమాని కత్తి కింద పెట్టి ఈ వింత చూస్తున్నాడు. శ్రీలేఖకి ఊపిరాడటం లేదు, వాసనకీ, ఉత్కంఠకీ కలిపి.

నవనీత్ కనుబొమలు ముడిపడ్డాయి. "అంకుల్, మీరు నిజంగ తినరు గద. నన్ను లేపనీకే గిట్ల జేస్తున్నరా?"

అంతే. ఏసుబాబు గారు కళ్ళు గట్టిగా మూసుకుని తొనంతా నోట్లో కుక్కుకున్నారు.

ఆ ముఖంలో పలికిన భావాలు శ్రీలేఖ జన్మలో మరిచిపోలేదు. చెంపలు ఉబ్బాయి, చెవులు కదిలాయి, కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. అయినా కక్కలేదు. మింగారు.

"అయ్యయ్యో! పడ్డడు!" అని నవనీత్ గ్లాసుని చేత్తో పక్కకి తోసి లేచాడు. కుర్చీ పడిన చప్పుడు. "ఆడనే ఉండుండ్రి! ఇంకోటి ముట్టకుండ్రి! వస్తున్న! వస్తున్న అంకుల్!" ఫోన్లో ఆకాశం, మెట్లు, జనం కాళ్ళు అన్నీ గింగిరాలు తిరిగాయి. ఆ తరవాత రైలు తలుపుల గంట, దాని మీదుగా ఆయాసపడుతూ చదువుతున్న అతని గొంతు.

అప్పటికి పునీత ఆంటీ ప్యాంటు, చెప్పులు, షుగరు చూసే మిషను సంచిలో వేసుకుని పరుగెత్తుకొచ్చింది. భర్త బెంచీ మీద తల వేలాడేసి కూర్చోవడం చూసి ఆవిడకి అంతా అర్థమైపోయింది. "తిన్నారా! నిజంగానే తిన్నారా! ఐయో, పావం!" అని వీపు రాస్తూ నీళ్ళు తాగించింది.

శ్రీలేఖ ఆవిణ్ణి పక్కకి లాగింది. "ఆంటీ, అంకుల్‌కి డూరియన్ అంటే..."

"గిట్టదు మా. పెళ్ళైన కొత్తలో మా నాన్న తోటలో కాయ కోసి పెడితే స్పృహ తప్పి పడిపోయారు."

"మరి ఆ సాక్ష్యాలు? ఆ ఫోన్లు?"

"తాగేవాడికి తాగొద్దంటే వింటాడా? ఈయనే విన్నారా ఆ కాలంలో?" ఆవిడ గొంతు తగ్గించింది. "యార్డులో చేరిన కొత్తలో ఈయనా అంతే. సుధాకరరావు గారని చర్చిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఈయన గ్లాసు ముందు కూర్చునే వేళకి వచ్చి, నాకు కళ్ళు ఆనడం లేదు బాబూ, వాక్యం చదివి పెట్టవా అనేవారు. ముసలాయన కదా అని ఈయన లేచేవారు. అలా చదివి చదివి, చదివింది లోపలికి దిగింది. తాగుడు పోయింది. ఆయన కళ్ళు భేషుగ్గా ఉండేవని ఆయన పోయాకే తెలిసింది."

"అంటే అంకుల్ సంఘంలో అందరి ముందూ అబద్ధం..."

"అందుకే మా," అంది ఆంటీ ఎంతో నిజాయితీగా, "పాపాల ఒప్పుకోలు ప్రార్థన అయ్యాక అందరూ లేచినా ఈయన మోకాళ్ళ మీదే ఉంటారు. ఎందుకనుకున్నావు? మోకాళ్ళు పట్టేసి కాదు లా."

స్టేషన్ వైపు నుంచి నవనీత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. పుస్తకంలో చదువుతున్న చోట వేలు పెట్టే ఉంది. బెంచీ మీద కూలబడి ఏసుబాబు గారి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆయన కళ్ళలోంచి ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఏడవకుండ్రి అంకుల్. ఒక్కనాడు పడితే ఏమైతది? దేవుడేమన్న ఇడిసిపెడ్తడా? పడితే లేస్తం. గంతే గద. లేస్తే అయిపాయె..."

మాట మధ్యలో అతను ఆగిపోయాడు. తన మాట తనకే వినబడ్డట్టుంది. పుస్తకం వైపు చూశాడు, ఏసుబాబు గారి వైపు చూశాడు. ఏసుబాబు గారు అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కారు.

"విమానం దిగిపోతుంది!" అని అరిచింది శ్రీలేఖ.

మళ్ళీ పరుగు! బెంచీ వెనక పునీత ఆంటీ దుప్పట్టా అడ్డం పెడితే ఏసుబాబు గారు లుంగీ మీదే ప్యాంటు ఎక్కించారు. ఆంటీ తలనొప్పి నూనె సీసా సగం ఆయన మీద ఒంపి, పులుసు చూసుకోవడానికి ఇంటికి మళ్ళింది. రెండు వాసనలూ కలిసి మూడోది పుట్టింది. మొదటి టాక్సీ డ్రైవరు అద్దం దించి, పీల్చి, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. రెండో డ్రైవరుకి జలుబు. దేవుని కృప అన్నారు ఏసుబాబు గారు.

స్పందన బయటికి వచ్చేసరికి ముగ్గురూ కంచె పట్టుకుని రొప్పుతున్నారు. ఆమె సామాను బండి ఆపి భర్త వైపు చూసింది. నవనీత్ నేల చూపులు చూస్తున్నాడు.

ఏసుబాబు గారు ముందుకొచ్చారు. స్పందన ఒక అడుగు వెనక్కి వేసింది.

"వందనాలమ్మా. ఈ కంపుకి క్షమించు. ఈరోజు నేను ఘోరంగా పడిపోయాను. వద్దన్న పండు, నడిబజార్లో, లుంగీలో తిన్నాను. మీ ఆయన పరుగెత్తుకొచ్చి లేపాడు. అతను రాకపోయుంటే ఏమైపోయేవాడినో!"

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని శ్రీలేఖకి తట్టి నవ్వు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుంది.

స్పందన భర్తని తేరిపార చూసింది. "నువ్వు లేపినవా?"

"జరంత చదివిన. గంతే." నవనీత్ తలెత్తాడు. "కని స్పందనా, పోయిన వారం నేను గూడ ఒకనాడు పడ్డ. నీకు చెప్పాలె. అబద్ధమాడి నిన్ను ఇంటికి తోల్కపోను."

స్పందన దగ్గరకి వచ్చి, అతని మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"ఇయ్యాల?"

"తాగలే."

"ఈ వాసన అంకుల్‌దేనా?"

"అంకుల్‌దే!" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా.

స్పందన ముందు ముక్కు మూసుకుంది, తరవాత నవ్వింది. "అడుగకముందే చెప్పినవ్ సూడు, గది మొదటిసారి," అని సామాను బండి అతని చేతికిచ్చింది. ఆపైన ఏసుబాబు గారి వైపు తిరిగింది. ఆమె నర్సు; గొంతు వార్డులోలాగే మోగింది. "అంకుల్, మీ సంగతి నేను సూస్త. రేపటి సంది ఒక్కరు గాదు, ఇద్దరం కాపలా. డూరియన్ దిక్కు చూసిన్రో, ఊకోను!"

"అలాగేనమ్మా," అన్నారు ఏసుబాబు గారు భయభక్తులతో.

టాక్సీలో ఆయన్ని వెనక సీట్లో మధ్యన కూర్చోబెట్టారు. చెరోపక్కనా భార్యాభర్తలు. అద్దాలన్నీ దించేశారు. స్పందన భర్త చేతిలోని పుస్తకంలోకి తొంగి చూసి, "ఏడిదాక అయింది?" అంది. నవనీత్ వేలు పెట్టి చూపించాడు. ఆమె అందుకుని చదవసాగింది. గాలికి కాగితాలు ఎగురుతుంటే అతను ఆవలి అంచు పట్టుకున్నాడు. పుస్తకం ఏసుబాబు గారి ఒళ్ళో పడి ఉంది. ఆయనకి ఎటూ కదిలే చోటు లేదు.

ముందు సీట్లో ఉన్న శ్రీలేఖతో డ్రైవరు అన్నాడు, "రోడ్ ఎంప్టీ లా. కెన్ గో ఫాస్ట్ ఫాస్ట్."

వెనకనుంచి, ఇద్దరి గొంతుల మధ్యన, ఏసుబాబు గారు గొంతు సవరించుకున్నారు.

"నో నో, బ్రదర్. నో హర్రీ. స్లో స్లో."